నికెల్ చూర్ణంతో రసాయన పరిశ్రమను మలుపు తిప్పిన పాల్ సబాటియే

వనస్పతి తయారీ మొదలుకొని నైలాన్‌కు ముడిసరుకైన సైక్లోహెక్సేన్ ఉత్పత్తి వరకు పరిశ్రమలలో విస్తృతంగా వినియోగిస్తున్న ఉత్ప్రేరక హైడ్రోజనీకరణ ప్రక్రియకు పునాది వేసిన ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ సబాటియే. ఈ కృషికే 1912లో విక్టర్ గ్రిన్యార్‌తో పాటు ఆయనకు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

సబాటియే 1854 నవంబరు 5న దక్షిణ ఫ్రాన్స్‌లోని కార్కసాన్‌లో జన్మించారు. పారిస్‌లో ఉన్నత విద్య పూర్తిచేసి, ప్రఖ్యాత రసాయన శాస్త్రవేత్త బెర్తెలో వద్ద సహాయకునిగా పనిచేశారు. గంధకం, లోహ సల్ఫైడ్‌లపై జరిపిన పరిశోధనకు 1880లో డాక్టరేట్ పొందారు. 1882లో తులూజ్ చేరుకుని, 1884లో అక్కడే రసాయన శాస్త్ర ఆచార్యులుగా నియమితులయ్యారు.

నికెల్ లోహం కార్బన్ మోనాక్సైడ్‌తో కలసి సులభంగా ఆవిరయ్యే సమ్మేళనాన్ని ఏర్పరుస్తుందని 1890లో లుడ్విగ్ మాండ్ బృందం కనుగొన్నది. ఇతర వాయువులు కూడా ఇదే విధంగా ప్రవర్తించగలవా అన్న ఆలోచన సబాటియేను ఈ మార్గంలోకి నడిపించింది. 1897లో ఆయన, క్రైస్తవ మతాచార్యుడు కూడా అయిన రసాయన శాస్త్రవేత్త జాన్ బాప్టిస్ట్ సెండరెన్స్ కలసి, వేడిచేసిన నికెల్ చూర్ణంపై ఇథిలీన్, హైడ్రోజన్‌ల మిశ్రమాన్ని పంపగా ఈథేన్ లభించింది. 1901లో సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వద్ద బెంజీన్ ఆవిరిని సైక్లోహెక్సేన్‌గా మార్చగలిగారు.

హైడ్రోజన్‌ను జతచేయడానికి అంతకుముందు ప్రధానంగా ఖరీదైన ప్లాటినంపైనే ఆధారపడేవారు. నికెల్ చౌక. పైగా చర్యలో ఖర్చుకాదు. నికెల్ ఉపరితలంపై హైడ్రోజన్‌తో తాత్కాలిక సమ్మేళనం ఏర్పడి, ఆ హైడ్రోజన్‌ను కర్బన అణువుకు అందించిన పిమ్మట లోహం యథాస్థితికి వస్తుందని సబాటియే ప్రతిపాదించారు. అందువల్లనే అదే చూర్ణాన్ని పదేపదే వినియోగించుకోవడం సాధ్యమవుతుంది. అయితే గంధకం, క్లోరిన్, బ్రోమిన్ వంటివి లేశమాత్రం చేరినా నికెల్ పనిచేయడం మానివేస్తుంది. గంధకంపై పరిశోధనతో డాక్టరేట్ పొందిన శాస్త్రవేత్తకు ఆ గంధకమే ప్రధాన ప్రత్యర్థి కావడం విశేషం.

సబాటియే, సెండరెన్స్‌ల పద్ధతి ఆవిరి రూపంలోని పదార్థాలకు ఉద్దేశించినది. దానిని ద్రవరూప నూనెలకు అన్వయించి 1902లో పేటెంట్ పొందినవారు జర్మనీకి చెందిన విల్హెల్మ్ నార్మన్. భారతదేశంలో వనస్పతి పరిశ్రమ ఈ పద్ధతిపైనే రూపుదిద్దుకుంది. నూనెను పాక్షికంగా హైడ్రోజనీకరించినపుడు ఏర్పడే ట్రాన్స్ కొవ్వులు గుండెకు హానికరమని తేలడంతో, నూనెలు, కొవ్వులలో వాటి పరిమాణం 2 శాతానికి మించరాదన్న నిబంధన 2022 జనవరి నుంచి దేశంలో అమలులోకి వచ్చింది. ఈ లోపం అసంపూర్ణ హైడ్రోజనీకరణకు సంబంధించినదే కాని, మూల ఆవిష్కరణకు చెందినది కాదు.

ఫ్రెంచి విజ్ఞాన శాస్త్ర అకాడమీ 1905లో జెకర్ పురస్కారాన్ని సబాటియే, సెండరెన్స్‌లకు ఉమ్మడిగా ప్రదానం చేసింది. నోబెల్ బహుమతిలో మాత్రం సెండరెన్స్‌కు భాగం దక్కలేదు. తొలి ప్రయోగాలలో ఆయన పాత్రను పరిగణిస్తే ఇది న్యాయమని చెప్పడం కష్టం.

1907లో పారిస్ నుంచి ఉన్నత పదవికి ఆహ్వానం అందినా సబాటియే తులూజ్‌ను వీడలేదు. అకాడమీ సభ్యత్వానికి రాజధానిలో నివాసం తప్పనిసరి అయిన ఆ రోజుల్లో ఇది సామాన్యమైన త్యాగం కాదు. పారిస్ వెలుపల నివసించే వారికై అకాడమీ ప్రత్యేక స్థానాలను కల్పించగా, 1913లో ఆయన వాటిలో ఒకదానికి ఎన్నికయ్యారు.

సబాటియే 1941 ఆగస్టు 14న తులూజ్‌లోనే కన్నుమూశారు. 1902లో సెండరెన్స్‌తో కలసి ఆయన కనుగొన్న మరొక నికెల్ చర్య, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్‌ల నుంచి మీథేన్‌ను, నీటిని ఇస్తుంది. వ్యోమగాములు విడిచే గాలి నుంచి నీటిని తిరిగి పొందేందుకు ఈ చర్యపై ఆధారపడిన పరికరాన్ని 2010లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమర్చారు.