తప్పొప్పుల పట్టికతో బతికిన ఫ్రాంక్లిన్

బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనగానే మనకు గాలిపటం, తాళంచెవి, పిడుగు గుర్తొస్తాయి. చార్జికి ప్లస్, మైనస్ అని పేర్లు పెట్టింది ఆయనే. వంద డాలర్ల నోటు మీద బొమ్మ కూడా ఆయనదే. ఈ వ్యాసంలో నేను వాటి జోలికి పోను. పిడుగుకి దారి చూపించిన ఈ మనిషికి తన కాగితాలు సర్దుకోవడం మాత్రం జీవితాంతం చేతకాలేదు. నాకు ఆసక్తి అక్కడే. చేతకాని విషయంతో ఆయన ఎలా వేగాడు, తన చెడ్డ అలవాట్లతో ఎలా వ్యవహరించాడు అన్నదే నేను చెప్పబోయే కథ.

1706 జనవరి 17న బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు చేసి అమ్మేవాడు. ఇంట్లో మొత్తం పదిహేడు మంది పిల్లలు, మనవాడు పదిహేనోవాడు. బడి చదువు రెండేళ్లతో సరి. పన్నెండేళ్లకి అన్న జేమ్స్ అచ్చాఫీసులో పనికి కుదిరాడు. ఒప్పందం ప్రకారం ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా అక్కడే ఉండాలి. అన్నకి కోపం ఎక్కువ, చెయ్యి చేసుకునేవాడు. తమ్ముడికి నోరు ఎక్కువ. 1723లో, పదిహేడేళ్ల వయసులో, చెప్పాపెట్టకుండా పారిపోయి ఫిలడెల్ఫియా చేరాడు.

ఆ తర్వాత నాలుగైదేళ్లలో చేసిన తప్పులు తక్కువేం కాదు. వెర్నన్ అనే ఆయన తనకి రావాల్సిన బాకీ వసూలు చేసి దగ్గర ఉంచమంటే, ఆ డబ్బు కాస్తా స్నేహితుడికి అప్పుగా ఇచ్చేశాడు. పెళ్లాడదామనుకున్న డెబోరా రీడ్‌ని వదిలి 1724లో లండన్ వెళ్లి, అక్కడి నుంచి ఒకే ఒక్క ఉత్తరం రాశాడు. అదీ ఇప్పట్లో రానని. ఆ అమ్మాయికి ఇంట్లోవాళ్లు వేరే సంబంధం చేశారు. ఆ పెళ్లి నిలవలేదు, ఆ భర్త ఎటో పారిపోయాడు.

అరవై అయిదేళ్ల వయసులో ఆత్మకథ మొదలుపెట్టినప్పుడు ఫ్రాంక్లిన్ వీటిని దాచలేదు. పాపాలు అని గుండెలు బాదుకోనూ లేదు. అచ్చు పనివాడు కాబట్టి అచ్చు భాషలోనే పేరు పెట్టాడు. పాత పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక చూసే ఉంటారు కదా, ఫలానా పేజీ, ఫలానా వరుస, తప్పు ఇది, ఒప్పు ఇది అని. తన తప్పుల్ని ఆయన ఆ లెక్కలో వేశాడు. మన తెలుగులో అచ్చుతప్పుని ముద్రారాక్షసం అంటాం. రాక్షసం అన్నది తప్పునే. అక్షరాలు పేర్చినవాణ్ణి ఎవరూ రాక్షసుడు అనలేదు. ఫ్రాంక్లిన్ పద్ధతి సరిగ్గా ఇదే అని నాకనిపిస్తుంది.

అయితే పట్టికలో రెండో గడి కూడా ఉంటుంది. తప్పు రాసి ఊరుకుంటే కుదరదు, ఒప్పు కూడా పడాలి. వెర్నన్ బాకీ వడ్డీతో సహా తీర్చాడు. 1730లో డెబోరాని ఇంటికి తెచ్చుకున్నాడు. అన్న ఆరోగ్యం పాడయ్యాక వెళ్లి కలిసి రాజీ పడ్డాడు. పదేళ్ల కొడుకుని చూసుకోమని అన్న అడిగితే, పిల్లాణ్ణి బడికి పంపి, పని నేర్పి, పెద్దయ్యాక కొత్త అచ్చు అక్షరాల సెట్టు కూడా ఇచ్చి పంపాడు.

ఇంక అలవాట్ల సంగతి. ఇరవైల్లో ఉండగా ఏ తప్పూ లేకుండా బతకాలని గట్టిగా అనుకున్నాడు. మనం జనవరి ఒకటిన అనుకున్నట్టే. కొద్ది రోజుల్లోనే అర్థమైంది: ఒక తప్పుకి కాపలా కాస్తుంటే వెనక నుంచి ఇంకోటి వచ్చేస్తోంది. అలవాటు ఏమరుపాటు కోసం కాచుకుని ఉంటుంది, ఉత్త పట్టుదల దానికి చాలదు. అందుకని పద్ధతి మార్చాడు. మితాహారం, మౌనం, క్రమం, పొదుపు, శ్రమ ఇలా పన్నెండు గుణాలు రాసుకున్నాడు. పొగరుగా మాట్లాడుతున్నావని ఒక క్వేకర్ మిత్రుడు మెల్లగా చెప్పాక పదమూడోది చేర్చాడు, వినయం.

చిన్న పుస్తకం ఒకటి తయారుచేసి ఎర్రసిరాతో గడులు గీశాడు. అడ్డంగా ఏడు రోజులు, నిలువుగా పదమూడు గుణాలు. తప్పు జరిగిన రోజు ఆ గడిలో నల్లచుక్క. కానీ అసలు కిటుకు ఏంటంటే, వారానికి ఒక్క గుణం మీదే గట్టి దృష్టి. మిగతావాటికి రాత్రి చుక్కలు పెట్టుకోవడం తప్ప ప్రత్యేకంగా తంటాలు లేవు. తోటలో కలుపు మొత్తం ఒక్కరోజే పీకలేం, ఒక మడి అయ్యాక ఇంకో మడికి వెళ్తాం, అదీ ఆయన లెక్క. పదమూడు వారాలకి ఒక చుట్టు, ఏడాదికి సరిగ్గా నాలుగు చుట్లు.

చుక్కలు చూస్తే తాను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ తప్పులున్నాయని తేలింది. మనలో చాలామంది యాప్ డిలీట్ చేసేది ఇక్కడే. ఫ్రాంక్లిన్ మాత్రం చుక్కలు తగ్గుతుంటే చూసి సంతోషపడ్డాడు. కొత్త చుట్టు కోసం పాత చుక్కలు గీకీ గీకీ కాగితం చిల్లులు పడిపోతే, దంతపు పలకలున్న పుస్తకానికి మారాడు. పెన్సిల్‌తో పెట్టడం, తడి స్పాంజితో తుడిచెయ్యడం. కొన్నాళ్లకి ఏడాదికి ఒక్క చుట్టే అయింది, తర్వాత కొన్నేళ్లకొకటి, చివరికి పనుల్లో పడి అదీ పోయింది. పుస్తకం మాత్రం ఎప్పుడూ వెంటే ఉంచుకునేవాడు.

వినయం విషయంలో ఆయన చేసింది ఇంకా తెలివైన పని. స్వభావంతో కుస్తీ పట్టలేదు, మాటలు మార్చాడు. కచ్చితంగా, నిస్సందేహంగా లాంటి మాటలు మానేసి, నాకిలా తోస్తోంది అనడం మొదలుపెట్టాడు. ఎదుటివాడిది తప్పని తెలిసినా ఎకాఎకిన ఖండించేవాడు కాదు. మొదట్లో కష్టపడ్డాడు, తర్వాత అదే అలవాటైపోయింది. లోపల నిజమైన వినయం వచ్చిందా అంటే రాలేదనే రాశాడు. ఒకవేళ వచ్చినా, వచ్చినందుకు గర్వపడతానేమో అని నవ్వుకున్నాడు.

క్రమం మాత్రం లొంగలేదు. కుర్రతనంలో జ్ఞాపకశక్తి బాగా ఉండటంతో వస్తువులు ఎక్కడివక్కడ పెట్టాల్సిన అవసరం పడలేదు. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా రాలేదు. దీని గురించి ఆయన చెప్పిన కథ ఒకటుంది. ఒకడు కమ్మరి దగ్గర గొడ్డలి కొని, అంచు మెరిసినట్టే మొత్తం మెరవాలన్నాడు. సానచక్రం నువ్వు తిప్పితే నేను పడతానన్నాడు కమ్మరి. తిప్పీ తిప్పీ చేతులు పడిపోయాక, చాల్లే, ఉన్నదున్నట్టు పట్టుకుపోతానన్నాడు కొన్నవాడు. ఇంకా మచ్చలున్నాయయ్యా, తిప్పు అన్నాడు కమ్మరి. నాకు మచ్చల గొడ్డలే ఇష్టం అన్నాడు వాడు. మధ్యలో వదిలేసేవాళ్ల సాకు ఇలాగే ఉంటుందని ఫ్రాంక్లిన్‌కి తెలుసు. అయినా తన మచ్చల్ని తాను ఒప్పుకున్నాడు. సంపూర్ణత్వం దరిదాపులకి రాకపోయినా, ప్రయత్నించకపోతే ఎలా ఉండేవాణ్ణో అంతకంటే మంచివాణ్ణి, సుఖంగా ఉన్నవాణ్ణి అయ్యానని లెక్క తేల్చాడు.

ఇదంతా చదివితే ఆయన తనని తాను మరీ గారాబం చేసుకున్నాడేమో అనిపించొచ్చు. నాకూ ఆ ప్రశ్న వచ్చింది. దానికి ఆయన జీవితంలో రెండు రకాల జవాబులూ ఉన్నాయి. 1736లో నాలుగేళ్ల కొడుకు ఫ్రాంకీ మశూచితో పోయాడు. టీకాలాంటి రక్షణ అప్పటికే ఉన్నా వేయించలేదు. ఆ దుఃఖం ఆయన్ని వదల్లేదు. కానీ దాన్ని మనసులోనే దాచుకోకుండా, మిగతా తల్లిదండ్రులు ఆ పొరపాటు చెయ్యకూడదని ఆత్మకథలో రాసిపెట్టాడు. ఇంట్లో ఏళ్ల తరబడి బానిసల్ని ఉంచుకున్నాడు, తన పత్రికలో బానిసల అమ్మకపు ప్రకటనలూ వేశాడు. అదే మనిషి 1787లో పెన్సిల్వేనియా బానిసత్వ వ్యతిరేక సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790 ఫిబ్రవరిలో, చనిపోవడానికి రెండు నెలల ముందు, బానిసత్వానికి వ్యతిరేకంగా కాంగ్రెస్‌కి వెళ్లిన అర్జీ మీద సంతకం చేశాడు. చాలా ఆలస్యంగా పడిన ఒప్పు అది. అయినా పడింది.

ఒప్పు పడనిది ఒకటి మిగిలిపోయింది. స్వాతంత్ర్య యుద్ధంలో పెద్దకొడుకు విలియం బ్రిటిష్ రాజు పక్షాన నిలిచాడు. 1784లో రాజీ కోరుతూ తండ్రికి ఉత్తరం రాశాడు. మచ్చల గొడ్డలి కథ ఉన్న భాగం ఫ్రాంక్లిన్ రాసిందీ ఆ ఏడాదే. తన మచ్చల్ని నవ్వుతూ ఒప్పుకున్న మనిషి, కొడుకు మచ్చని మాత్రం మరిచిపోలేకపోయాడు. 1785లో ఒకసారి కలిశారు, మనసులు కలవలేదు. వీలునామాలో విలియంకి దాదాపు ఏమీ దక్కలేదు. 1790 ఏప్రిల్ 17న, ఎనభై నాలుగేళ్ల వయసులో ఫ్రాంక్లిన్ కన్నుమూశాడు.

మన హాస్టళ్లలో ఎన్ని సోమవారాలు వృథా అయ్యాయో మీకు చెప్పక్కర్లేదు. రాత్రి మూడింటిదాకా ఫోన్, పొద్దున మొదటి క్లాసు పోవడం, ఇంక నా బతుకింతే అనుకోవడం, ఆ బాధ మరిచిపోవడానికి మళ్లీ ఫోన్. తిట్టుకోవడం కూడా ఆ అలవాటులో ఒక భాగమైపోయింది. వంద రోజుల స్ట్రీక్‌లో ఒక్కరోజు తప్పితే యాప్ సున్నా చూపిస్తుంది. ఫ్రాంక్లిన్ పుస్తకంలో సున్నా లేదు. ఒక చుక్క పడేది, రేపటి గడి ఖాళీగా ఉండేది.

కాబట్టి తనమీద తనకి దయ అంటే చుక్క పెట్టకపోవడం కాదు. చుక్క నిజాయితీగా పెట్టి, దాన్ని చుక్కగానే చూడటం. ఈ వారం ఒక్క మడి తీసుకుందాం. నిద్ర కావచ్చు, ఫోన్ కావచ్చు, రికార్డు రాయడం కావచ్చు. మన పక్క బెడ్ మిత్రుడికి కూడా ఒక పట్టిక ఉంటుందని గుర్తుపెట్టుకుందాం. విలియం విషయంలో ఫ్రాంక్లిన్‌కి చేతకానిది అదే.