చెల్లెలి కట్నం సొమ్ముతో చదివిన శాస్త్రవేత్త

బిడ్డ పుట్టగానే మన ఇళ్ళల్లో మొదలయ్యే మాట ఎవరి పోలికా అని. తండ్రిలో కనబడని తాతగారి పోలిక మనవడిలో తేలడమూ చూస్తుంటాం. ఇలా లక్షణాలు దాగి మళ్ళీ బయటపడడం వెనక ఉన్న లెక్కను మొదట తేల్చినవాడు గ్రెగర్ మెండెల్. ఆయన చదువు వెనక ఓ చెల్లెలు ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

మెండెల్ 1822లో, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని ఓ పల్లెలో, రైతు ఇంట పుట్టాడు. 1838లో తండ్రికి పెద్ద దెబ్బ తగిలి పొలం పని చేయలేకపోయాడు. కొడుకు చదువు ఆగిపోయేదే. అప్పుడు చెల్లెలు తెరేసియా తన కట్నం సొమ్ములో కొంత అన్నకిచ్చింది. అన్న ఆ రుణం మరిచిపోలేదు. తర్వాత ఆమె ముగ్గురు కొడుకుల చదువుకూ సాయపడ్డాడు. వారిలో ఇద్దరు డాక్టర్లయ్యారు.

1843లో మెండెల్ బ్రనో పట్నంలోని మఠంలో చేరాడు. 1850లో టీచరు పరీక్ష తప్పాడు. అయినా మఠం ఆయన్ని వియన్నాలో చదివించింది. తిరిగొచ్చాక 1856 నుంచి 1863 దాకా మఠం తోటలో దాదాపు 28 వేల బఠాణీ మొక్కలు పెంచాడు.

పొడుగు మొక్కను పొట్టి మొక్కతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ పొడుగువే వచ్చాయి. మరి పొట్టితనం పోయిందా? లేదు. రెండో తరంలో 787 పొడుగువి, 277 పొట్టివి వచ్చాయి. అంటే ఇంచుమించు మూడుకి ఒకటి. ప్రతి లక్షణానికీ తల్లి నుంచి ఒక అంశం, తండ్రి నుంచి ఒక అంశం వస్తాయి. పైకి కనబడేది బహిర్గత లక్షణం. దాగుండేది అంతర్గత లక్షణం. అది రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడుతుంది.

ఈ సంగతి 1865లో సభలో చెప్పాడు, 1866లో అచ్చు వేయించాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మఠాధిపతిగా ఉంటూనే 1884లో కన్నుమూశాడు. 1900లో గానీ ఆయన గొప్పతనం లోకానికి తెలియలేదు.

మనుషుల్లో రంగు, ఎత్తు లాంటివి ఇంత సులువైన లెక్కకు లొంగవు. కానీ తలసేమియా, సికిల్ సెల్ జబ్బులది ఇదే దారి. పైకి ఆరోగ్యంగా ఉన్న భార్యాభర్తలిద్దరిలోనూ ఆ లోపం దాగుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాల్లో అలా ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. అందుకే పెళ్ళికి ముందో, గర్భం నిలిచిన తొలి వారాల్లోనో ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. ఇలాంటి బిడ్డ పుడితే తప్పంతా కోడలిదేనని వేలెత్తి చూపే అత్తగార్లకు మెండెల్ బఠాణీల కథ ఒక్కసారి చెప్పి చూడండి!