ఋషిఋణము దీర్చుకొన్న అనీబిసెంటమ్మ

విద్యాలయములకు దానము చేయువారిని మూడు ప్రేరణలు నడిపించుచుండును. కొందరిది కీర్తికాంక్ష, కొందరిది పుణ్యాపేక్ష. మూడవది ఋణస్మృతి. తాము నేర్చిన విద్య పరుల యనుగ్రహమని యెరిగి, దానిని మరియొకరికి ముట్టజెప్పవలెనను తలపు అది. పూర్వులు దీనినే ఋషిఋణమనిరి. ఇందులకు మదనపల్లె కళాశాలా స్థాపకురాలగు శ్రీమతి అనీబిసెంటు జీవితము చక్కని నిదర్శనము.

ఈమె 1847 అక్టోబరు 1వ తేదీని లండను నగరమున జన్మించెను. ఐదేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. తల్లి హారో పట్టణమున విద్యార్థులకు బస, భోజనము నమర్చి, ఆ రాబడితో కుమారుని చదివించుకొనెను. అట్టి దినములలో ఎలెన్ మారియట్ అను విదుషి యీ బాలికను తన యింట నుంచుకొని, ప్రతిఫలము గోరక విద్యగరపెను. ఆ యుపకారము వృథ పోలేదు. 1888లో అనీబిసెంటు లండను పాఠశాలామండలికి ఎన్నికయై, ఆకలితో బడికి వచ్చు పేదబిడ్డలకు అన్నము పెట్టవలెనని వాదించెను.

1893లో భారతదేశమునకు వచ్చి, 1898లో కాశీయందు సెంట్రల్ హిందూ కళాశాలను నెలకొల్పెను. కాశీమహారాజు దానికి స్థలమును భవనమును ఒసగెను. ప్రధానాచార్యుడగు ఆర్థర్ రిచర్డ్‌సన్ జీతము గొనక పనిచేసెను. బోధించువారే తమ జీవితముల నర్పించుచుండగా, కలవారి చేయి సాగుటలో వింతలేదు.

1915లో మదనపల్లె కళాశాల వెలసెను. పుంగనూరు, కుప్పము సీమల బాలురకు ఉన్నతవిద్య దాపునకు వచ్చెను. 1917లో మద్రాసు ప్రభుత్వము హోంరూల్ ఉద్యమము కారణమున అనీబిసెంటును నిర్బంధించెను. కళాశాల విద్యార్థులు ఆ యుద్యమమున పాల్గొనిరని విశ్వవిద్యాలయము తన గుర్తింపును తొలగించెను. అయినను కళాశాల అడయారు జాతీయ విశ్వవిద్యాలయమున చేరి నిలిచెను. 1919లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటికి వచ్చి, జనగణమన గీతమును ఆంగ్లమున వెలయించెను. సర్కారు మన్ననయు, కొలువుల యాశయు లేని ఆ దినములలో దానిని నిలిపినవారి ప్రేరణ కీర్తి యనుట పొసగదు.

1933 సెప్టెంబరు 20న అడయారునందు ఆమె పరమపదించెను.

సోదరులారా! మారియట్ విదుషికి ఆ బాలిక చుట్టము గాదు. అనీబిసెంటునకు మదనపల్లె బాలురు చుట్టములు గారు. మన విద్యానిధికి చందా వ్రాయునపుడు శిలాఫలకముపై మన పేరెచ్చట నుండునని యోచింపక, మనకు తొలి యక్షరము దిద్దించిన గురువును స్మరింతము. ఆయన మన కులగోత్రము లడిగి పలక పట్టించెనా? మన వసతిగృహపు ద్వారమున గిరి గీయుటకు ముందు ఈ ప్రశ్నకు మనలో మనము సమాధానము చెప్పుకొనవలెను.