నిజం చెప్పి కొలువు పోగొట్టుకున్న వైద్యుడు – రుడాల్ఫ్ విర్కో

మన హాస్టల్లో చదివి వైద్య కళాశాలల్లో చేరిన అన్నలకు, అక్కలకు విర్కో పేరు కొత్త కాదు. ప్రతి కణమూ మరో కణం నుంచే పుడుతుందని, జబ్బుల మూలాన్ని కణాల్లోనే వెతకాలని లోకానికి నచ్చజెప్పిన జర్మన్ శాస్త్రవేత్త ఆయన. అయితే ఒక అంటురోగం చెలరేగిన రోజుల్లో ఆయన చూపిన ధైర్యం గురించి మనలో చాలామందికి తెలియదు. ఈ వార్షికోత్సవ సంచికలో ఆ కథ చెప్పాలని మేము అనుకున్నాం.

రుడాల్ఫ్ విర్కో 1821 అక్టోబరు 13న ప్రష్యా రాజ్యంలో, షీఫెల్‌బైన్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రి వ్యవసాయం చేస్తూ పట్టణ కోశాధికారిగా కూడా పనిచేసేవారు. ఇంట్లో అంతంత మాత్రం స్తోమతే. 1839లో బెర్లిన్‌లోని సైనిక వైద్య విద్యాలయంలో విర్కోకు సీటు దొరికింది. తెలివి ఉండీ డబ్బు లేని పిల్లలకు అక్కడ ఉచితంగా వైద్యం నేర్పేవారు. చదువు పూర్తయ్యాక వారు సైన్యంలో వైద్యులుగా పనిచేయాలి. అంటే విర్కో కూడా మనలాగే సర్కారు ఖర్చుతో చదువుకున్న విద్యార్థి!

1843లో పట్టా పుచ్చుకుని, బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో శవపరీక్షల విభాగంలో చేరారు. 1847లో మిత్రుడు బెన్నో రైన్‌హార్ట్‌తో కలిసి ఒక వైద్య పత్రిక స్థాపించారు. ఎంత పెద్దవారి మాటైనా పరీక్షకు నిలబడాలన్నది ఆయన పట్టుదల.

అంతలో ఎగువ సైలీషియా ప్రాంతంలో పంటలు పోయి కరువు వచ్చింది. దాని వెంటే టైఫస్ జ్వరం వ్యాపించింది. ఇది మనకు తెలిసిన టైఫాయిడ్ కాదు, వేరే జబ్బు. జనం వేల సంఖ్యలో చనిపోతున్నారన్న వార్తలు పత్రికల్లో వచ్చాక ప్రష్యా ప్రభుత్వం కదిలింది. 1848 ఫిబ్రవరిలో పరిశీలన కోసం విర్కోను అక్కడికి పంపింది. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లు.

సుమారు మూడు వారాలు ఆయన అక్కడి ఊళ్లు తిరిగారు. ఇరుకు గుడిసెల్లో మనుషులు కిక్కిరిసి ఉండటం, తిండి లేక చిక్కిపోవడం కళ్లారా చూశారు. అక్కడి పేదలు మాట్లాడేది పోలిష్ భాష, అధికారుల భాష జర్మన్. చదువు వారి దాకా చేరలేదు.

విర్కో రాసిన నివేదిక ప్రభుత్వానికి మింగుడుపడలేదు. మందుల జాబితాతో ఆయన సరిపెట్టలేదు. ఈ రోగానికి మూలం దరిద్రం, అజ్ఞానం, పాలకుల నిర్లక్ష్యం అని తేల్చారు. ప్రజలకు సొంత భాషలో చదువు, స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం కావాలన్నారు. పన్నుల భారం పేదల మీద తగ్గించాలన్నారు. ఆ నివేదికను బీరువాలో మగ్గనివ్వకుండా తన పత్రికలోనే అచ్చు వేశారు.

అదే ఏడాది మార్చిలో బెర్లిన్‌లో ప్రజలు తిరగబడినప్పుడు ఆయన వారి పక్షాన నిలిచారు. జూలై నుంచి వైద్య సంస్కరణల కోసం ఒక వారపత్రిక నడిపారు. ప్రభుత్వం ఊరుకోలేదు. 1849 మార్చి 31న ఆయన్ను ఆసుపత్రి పదవి నుంచి తొలగించింది. నిరసనలు రావడంతో తిరిగి తీసుకున్నా షరతులు పెట్టింది. ఆ జూన్‌లో వారపత్రిక ఆగిపోయింది. ఆయన బెర్లిన్ వదిలి, వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరారు.

సర్కారు సొమ్ముతో చదువుకుని సర్కారునే తప్పుపట్టడం తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. మేము అలా అనుకోవడం లేదు. ఆ సొమ్ము ప్రజలది. ప్రజలు చనిపోతుంటే కారణం దాచకుండా చెప్పడమే ఆ బాకీ తీర్చడం.

1856లో ఆయన కోసం కొత్త పరిశోధనా సంస్థ కట్టించి బెర్లిన్ ఆయన్ను తిరిగి పిలిచింది. 1859లో నగరపాలక మండలికి ఎన్నికయ్యారు. మురుగునీటి కాలువల నిర్మాణానికి, మాంసం తనిఖీకి పట్టుబట్టారు. శాసనసభలో బిస్మార్క్ వంటి ప్రధానిని ఎదిరించారు. 1902 సెప్టెంబరు 5న, 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇంతటి మనిషీ పొరపడ్డారు. వైద్యులు చేతులు శుభ్రంగా కడుక్కుంటే బాలింతల మరణాలు తగ్గుతాయని సెమ్మెల్‌వైస్ చెబితే విర్కో చాలాకాలం ఒప్పుకోలేదు. 1882లో రాబర్ట్ కాక్ బెర్లిన్‌లోనే క్షయ క్రిమిని ప్రకటించినప్పుడు కూడా, జబ్బుకు క్రిమే కారణమనడాన్ని ఆయన అనుమానించారు. టైఫస్‌ను పేలు మోసుకొస్తాయని చార్లెస్ నికోల్ రుజువు చేసింది 1909లో. విర్కోకు పేల సంగతి తెలియదు. కానీ ఆయన చూపించిన ఇరుకు ఇళ్లు, మురికి బట్టలు, ఆకలి ఉన్నచోటనే పేలు పెరుగుతాయి. క్రిమి విషయంలో కాక్ గెలిచారు, పేదరికం విషయంలో విర్కో నిలిచారు. ఇద్దరి మాటా బయటికి వచ్చింది కాబట్టే లోకానికి మేలు జరిగింది. విర్కో పెద్దవారు కదా అని మిగతావారు నోరు మూసుకుని ఉంటే ఎన్ని ప్రాణాలు పోయేవో!

2020లో కోవిడ్ వచ్చి హాస్టళ్లు మూతపడి మనం ఇళ్లకు వెళ్లిన రోజులు గుర్తు తెచ్చుకోండి. ఏది నిజమో, ఏది పుకారో తెలియక తికమకపడ్డాం. అలాంటప్పుడే ప్రశ్నించే స్వేచ్ఛ ఎక్కువ అవసరం. అయితే నోటికొచ్చింది అనడం స్వేచ్ఛ కాదు. విర్కో ఊళ్లు తిరిగి, చూసి, లెక్కలు రాసుకుని మాట్లాడారు. ఎదుటివారూ అలాగే ఆధారం చూపి ఆయన్ను కాదన్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు మన హాస్టల్లో నలుగురికి జ్వరం వస్తే మాత్ర వేసుకుని పడుకోవడంతో ఆగిపోవద్దు. నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారు, గదికి ఎంతమంది ఉంటున్నారు, దోమలు ఎక్కడ పెరుగుతున్నాయి అని చూడండి. చూసింది కాగితం మీద రాసి వార్డెన్ గారికి మర్యాదగా చెప్పండి. అడగడం ఎదురుతిరగడం కాదు. మన చదువుకు ఖర్చు పెడుతున్న ప్రజలకు మనం తిరిగి ఇవ్వగలిగిన మొదటి వాయిదా అదే.