చిత్రకారుడు నందలాలు బోసు

భాగవతమున ఉషాకన్య తాను కలలో గాంచిన ప్రియుడెవ్వడో యెఱుగక పరితపించుచుండగా, చెలికత్తె చిత్రలేఖ రాజకుమారుల రూపములను పటముపై వరుసగా వ్రాసి చూపి అనిరుద్ధుని గుర్తింపజేసెను. ఈ కథ విననివారు మన గ్రామములలో అరుదు. చిత్రకళకు మన పెద్దలు ఎట్టి స్థానమిచ్చిరో దీనివలన తెలియుచున్నది. అయినను, కన్నకొడుకు పలకపై లెక్కలకు మారుగా బొమ్మలు వ్రాయుచుండుట చూచినచో, ఈ బొమ్మలు రేపు కూడు పెట్టునా యని తలిదండ్రులకు దిగులు కలుగుట సహజము. అట్టి దిగులునే తనవారికి కలిగించి, పరీక్షలలో పలుమారులు తప్పి, తుదకు భారతదేశ చిత్రకళకే ఒక మార్గము చూపిన మహనీయుడు నందలాలు బోసు.

ఆయన 1882వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన బీహారునందలి ముంగేరు మండలములోని హవేలీ ఖడగ్‌పూరున జన్మించెను. వంశము బెంగాలీ వంశము. తండ్రి పూర్ణచంద్రుడు దర్భంగా సంస్థానమున ఉద్యోగి. తల్లి క్షేత్రమణీదేవి చేతిపనులలో నేర్పరి. పిండివంటల అచ్చులు చెక్కుటయందును, బొమ్మలు చేయుటయందును, బొంతలపై కుట్టుపనియందును ఆమెకు మంచి హస్తవాసి యుండెను. నందలాలునకు ఎనిమిదేండ్ల ప్రాయముననే ఆ తల్లి గతించెను. ఆ బాలుడు కుమ్మరివాండ్ర సారెల యొద్దను, పండుగలకు దేవతావిగ్రహములు చేయువారి యొద్దను గంటలకొలది నిలిచి, వారి చేతులు కదలు తీరును చూచుచుండెడివాడు. అదియే ఆయనకు తొలి బడి.

పదునైదేండ్ల వయస్సున చదువుకొఱకు కలకత్తా చేరెను. ఇరువదియవ యేట గాని ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణుడు కాలేదు. 1903లో సుధీరాదేవితో వివాహమయ్యెను. పిదప కళాశాలలో చేరి ఎఫ్.ఏ. పరీక్షలో తప్పెను, కళాశాల మార్చి చదివినను ఫలము లేకపోయెను. పెద్దలు విచారించి, వర్తకశాస్త్రమైనను అబ్బునేమో యని 1905లో ప్రెసిడెన్సీ కళాశాలలో చేర్చిరి. అదియు సాగలేదు. పుస్తకములకును జీతమునకును ఇచ్చిన సొమ్ము చిత్రములున్న పాత పత్రికలను, అచ్చుపటములను కొనుటకు వ్యయమగుచుండెను. ఇల్లాలు వచ్చినది, వయస్సు ఇరువదిమూడు నిండవచ్చినది, చేతిలో పట్టము లేదు, ఉద్యోగము లేదు. ఆ సమయమున ఇంటివారి దృష్టిలో నందలాలు చెడిపోయిన పిల్లవాడే.

అతనికి గీయవలెనను తపన యుండెను గాని యేమి గీయవలెనో, ఎట్లు గీయవలెనో తెలియదు. దొరకిన పాశ్చాత్య చిత్రములకు నకళ్లు తీయుచుండెను. ఇటలీ దేశపు రాఫేలు వ్రాసిన మేరీమాత చిత్రమునకు అట్లే ప్రతి వ్రాసెను. ఇంతలో అవనీంద్రనాథ ఠాకూరు వ్రాసిన బుద్ధ సుజాతల చిత్రము పత్రికాముఖమున అతని కంటబడెను. మన కథను మన రీతిలో చెప్పవచ్చునని అతనికి తోచినది అప్పుడే. ఈయనయే నా గురువని మనస్సున నిశ్చయించుకొనెను.

కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలకు అప్పుడు హావెల్ దొర అధ్యక్షుడు, అవనీంద్రుడు ఉపాధ్యక్షుడు. భారతీయ విద్యార్థులు గ్రీకు బొమ్మల నకళ్లు తీయుట మాని, మొగలాయి, రాజపుత్ర చిత్రములను చూచి నేర్వవలెనని హావెల్ పట్టుపట్టినవాడు. నందలాలు ఒక మిత్రుని వెంటబెట్టుకొని, తాను వ్రాసిన చిత్రములు చంకనిడుకొని అచ్చటికి పోయెను. చదువు తప్పించుకొని పాఱిపోయి వచ్చిన కుఱ్ఱవాడేమో యని అవనీంద్రునకు మొదట అనుమానము కలిగెను. నందలాలు తాను ప్రవేశపరీక్ష గట్టెక్కినట్లు విన్నవించెను. అతడు చూపిన వానిలో నకళ్లేగాక, బాణుని కాదంబరిలోని మహాశ్వేతను స్వయముగా ఊహించి గీసిన చిత్రమొకటి యుండెను. హావెల్ మెచ్చినది దానినే. అటుపిమ్మట పరీక్షార్థము వినాయకుని చిత్రము వ్రాయుమనగా వ్రాసి చూపి, కళాశాలలో చోటు సంపాదించెను. మామగారు వచ్చి అల్లుని భవిష్యత్తును గూర్చి విచారింపగా, ఆ భారము తనదని అవనీంద్రుడు అభయమిచ్చెను. గురువు శిష్యుని విద్యకేగాక బ్రతుకునకును పూచీపడుట మన గురుకుల సంప్రదాయమునకు తగియేయున్నది.

గురువు నమ్మకము వమ్ము కాలేదు. 1908లో ప్రాచ్యకళాసంఘమువారు కలకత్తాలో జరిపిన ప్రదర్శనమున నందలాలు వ్రాసిన శివసతుల చిత్రమునకు 500 రూపాయల బహుమానము లభించెను. ఆ సొమ్ముతో అతడు దేశయాత్రకు బయలుదేరెను. కాశి, గయ, ఆగ్రా మొదలగు ఉత్తరదేశ స్థలములను, పిదప దక్షిణదేశ దేవాలయములను చూచి, రాతిలో మన శిల్పులు చేసిన పనిని కన్నులార గాంచెను.

అయితే నందలాలునకు దారి పూర్తిగా తెలిసినది అజంతాయందు. ఆ గుహలు అప్పుడు హైదరాబాదు నిజాము రాజ్యములోనివి. గోడలపై చిత్రములు నానాటికి రాలిపోవుచుండుటచే, వానికి ప్రతులు వ్రాయుటకు హెరింగ్‌హామను ఆంగ్ల విదుషీమణి 1909-10 ప్రాంతమున అచ్చట పూనుకొనెను. సోదరి నివేదిత పట్టుదలవలన నందలాలు, అసితకుమార హల్దారు మొదలగు యువకులు ఆమెకు సాయముగా పంపబడిరి. హైదరాబాదునుండి సయ్యదు అహమ్మదు, ఫజలుద్దీను అను చిత్రకారులును ఆ పనిలో పాల్గొనిరి. ఈ ప్రతులు 1915లో లండనునందు గ్రంథరూపమున వెలువడినవి.

అజంతా నేర్పినదేమో తెలియవలెనన్న, అవనీంద్రుని పద్ధతి కొంత తెలియవలెను. కాగితముపై రంగు పూసి, నీట తడిపి, ఆరిన పిదప మరల రంగు పూసి, మరల తడుపుదురు. ఇట్లు చేయగా చిత్రమంతయు మంచు క్రమ్మినట్లు మృదువుగా నుండును. చిన్న కాగితముపై అది మిక్కిలి మనోహరము. అజంతా గోడలపైనన్ననో, బారెడు పొడవున ఒక్క రేఖ తడబాటు లేక సాగిపోవును. ఆ రేఖలోనే భుజము గుండ్రదనము, కంటిలోని కరుణ, నడకలోని అలసట యన్నియు ఇమిడియుండును. రాజు, బిచ్చగాడు, ఏనుగు, అరటిచెట్టు ఒక్క గోడపై కలసియుందురు. ఆ రేఖను దినదినము తన చేతితో అనుసరించి వ్రాయుటచే నందలాలు చేతికి కొత్త బలము వచ్చెను. గురువునెడ భక్తి లేశమైనను తగ్గలేదు గాని, గురువు పద్ధతికి నకలుగా నిలిచిపోరాదని ఆయనకు తెలిసిపోయెను. పూర్వము మేరీమాత చిత్రమునకు నకలు తీసిన చేయి తన సొంత నడకను నేర్చినది ఇట్లు.

1919లో రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనమున కళాభవనమును స్థాపించెను. నందలాలు కొలదికాలములోనే అచ్చట స్థిరపడి, దానికి అధ్యక్షుడై, 1951 వరకు నడపెను. పరీక్షలలో తప్పిన ఆ విద్యార్థి, ఉపాధ్యాయుడైన పిదప శిష్యులను చూచిన తీరు గమనింపదగినది. తన శైలిని వారిపై రుద్దలేదు. జేబులో ఎల్లప్పుడు తెల్లకార్డులుంచుకొని, చెట్టునో మేకనో సంతాలుల ఆటనో కనబడినచోటనే గీయుచు, శిష్యులచేతను గీయించుచుండెను. కంటిచూపు మిక్కిలి తక్కువగా నున్న వినోదబిహారి ముఖర్జీని చేర్చుకొనుటకు మొదట సందేహించినను, రవీంద్రుని సలహాపై చేర్చుకొనెను. అతడు గోడచిత్రములలో మేటియయ్యెను. బాంకుడానుండి వచ్చిన పేదబాలుడు రామకింకరుడు అచ్చటనే గొప్ప శిల్పియయ్యెను. మన వరంగల్లు ప్రాంతమునకు చెందిన కొండపల్లి శేషగిరిరావు హైదరాబాదున విద్యనభ్యసించి, శాంతినికేతనమునకేగి నందలాలు శిక్షణ పొంది వచ్చి, తెలుగునాట చిత్రకళకు సేవచేసి 2012లో కీర్తిశేషుడయ్యెను.

స్వాతంత్ర్యోద్యమమునకును నందలాలు కుంచె తోడుపడెను. 1930లో ఉప్పు సత్యాగ్రహ సమయమున, చేత కఱ్ఱబట్టి నడచు గాంధీమహాత్ముని నల్లని నేలపై తెల్లని రేఖలతో అచ్చువేసెను. 1936లో ఫైజుపూరు గ్రామమున జరిగిన కాంగ్రెసు సభకు వెదురు మొదలగు పల్లెసరకులతోనే అలంకరణము కావించెను. 1938లో గుజరాతునందలి హరిపురా సభకు గాంధీజీ కోరికపై, శిష్యులతో కలసి దాదాపు 400 చిత్రఫలకములను సిద్ధపఱచెను. చేతితో చేసిన కాగితముపై మట్టిరంగులతో వ్రాసిన ఆ చిత్రములలో దేవతలకన్న దంపుళ్లు దంచు స్త్రీ, డోలు వాయించువాడు, దర్జీ, వేటగాడు ఎక్కువగా కనబడుదురు. టిక్కెట్టు కొని చిత్రశాలకు పోలేని రైతు దారిన పోవుచు తన్ను తాను చూచుకొని సంతసించుటకే ఆ ఏర్పాటు. కుమ్మరి సారెయొద్ద నిలిచిన బాలుని ఋణము ఇట్లు తీరినది.

స్వతంత్ర భారత రాజ్యాంగపు మూలప్రతిని నందలాలు, ఆయన శిష్యులు చిత్రములతో అలంకరించిరి. 1954లో ఆయనకు పద్మవిభూషణ బిరుదము లభించెను. 1966వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన కలకత్తాలో ఆయన పరమపదించెను.

ఈ చరిత్రము విద్యను ఉపేక్షింపుమని చెప్పుట లేదు. నందలాలు పనికి వెఱచి చదువు మానినవాడు కాడు. తనకు తగిన పని దొరకిన పిదప డెబ్బదియేండ్లు దాటినను కుంచె దింపలేదు. అయితే తగిన పని తెలియుటకు ఒక చిత్రము కంటబడవలెను, ఒక గురువు పూచీపడవలెను, ఇంటివారు కొంత ఓర్చుకొనవలెను. ఆయనకు ఆ చిత్రము ఒక పత్రికలో దొరికెను. గ్రంథాలయములో పుటలు త్రిప్పుచు బొమ్మల యొద్ద ఆగిపోవు బాలుని పెద్దలు తొందరపడి కసరుకొనక, మఱికొంతసేపు చూడనిచ్చుట మేలు.