మహాశిల్పి సినాన్

శిల్పి యనగానే గుమ్మటము మన కన్నులకు కట్టును. దాని వెనుకనున్న పద్దుల పుస్తకము కనబడదు. కావున తుర్కీ దేశపు మహాశిల్పి సినాన్ జీవితమును ఆయన నిత్యకృత్యముల వైపునుండి పరిశీలింపదలచితిమి.

సినాన్ కైసరీ సమీపమున అగిర్నాస్ గ్రామములో క్రైస్తవ కుటుంబమున జన్మించెను. యౌవనమున సుల్తాను సైన్యమునకు చేర్చబడి, వడ్రంగము నేర్చి, సేనలు నదులు దాటుటకు వంతెనలు కట్టెను. సుమారు 1539లో ప్రధాన శిల్పియై, 1588లో మరణించువరకు ఆ పదవిలోనే యుండెను.

అది పటములు గీయుటతో తీరు కొలువు కాదు. రాళ్ళు తెప్పించుట, పురాతన స్తంభములను ఓడలపై తరలించుట, నగరమునకు నీరు తెచ్చు కాలువలు నిర్మించుట ఆయన బాధ్యతలే. సులేమానియా మసీదు పద్దులు నేటికిని కలవు. ముస్లిములు, క్రైస్తవులు కలిసి పనిచేసి పొందిన కూలి వానియందున్నది.

1550లో ఆరంభమైన ఆ పనిని శిల్పి నిర్లక్ష్యము చేయుచున్నాడని కొందరు సుల్తాను చెవిని వేసిరి. ఆయన ఆగ్రహముతో వచ్చి, తన ముత్తాత కాలపు శిల్పికి పట్టిన గతిని జ్ఞాపకముచేసి, గడువు చెప్పుమనెను. సినాన్ రెండు మాసములనెను. విన్నవారు మతి తప్పినదనుకొనిరి. ఆయన రాత్రింబవళ్ళు పనివారి నడుమ నిలిచి మాట చెల్లించుకొనెను. 1557లో మసీదు పూర్తికాగా, సుల్తాను తాళపుచెవిని శిల్పికే యిచ్చి ద్వారము తెరిపించెనని సినాన్ చెప్పి వ్రాయించిన స్వీయచరిత్ర తెలుపుచున్నది.

ఆ మసీదు ప్రక్కనే ఆయన చిన్న సమాధి కలదు. గుమ్మటమును మెచ్చు మన విద్యార్థులు ఆ పద్దులను, ఆ గడువును కూడ తలచుకొందురుగాక.