డాక్టర్ కోట్నీస్

మహారాష్ట్రలోని షోలాపూరు నేతపనికి పేరుపొందిన నగరం. తరతరాల క్రితం వలసవచ్చిన తెలుగు నేత కుటుంబాలెన్నో అక్కడ స్థిరపడ్డాయి. ఆ నగరంలోనే 1910 అక్టోబరు 10న ద్వారకానాథ్ కోట్నీస్ ఒక మరాఠీ కుటుంబంలో జన్మించారు. బొంబాయిలో వైద్యవిద్య అభ్యసించారు.

1937లో జపాను చైనాపై దండెత్తింది. గాయపడిన సైనికులకు చికిత్స చేయడానికి వైద్యులు చాలలేదు. చైనా సేనాని జూ డే సహాయం కోరుతూ జవహర్‌లాల్ నెహ్రూకు లేఖ వ్రాశారు. అప్పటికి మన దేశమే పరాయి పాలనలో ఉన్నది. అయినా కాంగ్రెసు అధ్యక్షులు సుభాష్ చంద్రబోసు పిలుపు విని ప్రజలు విరాళాలిచ్చారు. అయిదుగురు వైద్యులు ముందుకు వచ్చారు. వారిలో కోట్నీస్ ఒకరు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండలేదు.

1938 సెప్టెంబరులో బయలుదేరిన ఆ బృందం మరుసటి ఏడు యెనాన్ పట్టణం చేరింది. చైనాలో ఉండగానే కోట్నీస్‌కు తండ్రి మరణవార్త అందింది. ఇంటికి వెళ్ళమని తోటివారు చెప్పారు. కాని గాయపడినవారిని విడిచి వెళ్ళడానికి ఆయన మనసొప్పలేదు. తరువాత ముగ్గురు సహచరులు స్వదేశానికి తిరిగివచ్చారు. కోట్నీస్, బసు అక్కడే ఉండిపోయారు.

కోట్నీస్ ఉత్తర చైనా కొండప్రాంతాలలో పనిచేశారు. అక్కడ మందులు తక్కువ, పరికరాలు తక్కువ. 1940లో జరిగిన ఒక పోరులో ఆయన నిద్ర లేకుండా 72 గంటలపాటు శస్త్రచికిత్సలు చేశారు.

అంతకు ముందు సంవత్సరం నార్మన్ బెతూన్ అనే కెనడా వైద్యుడు అక్కడే మరణించారు. శస్త్రచికిత్స చేస్తుండగా వ్రేలు తెగి, ఆ గాయం విషమించడమే అందుకు కారణం. ఆయన పేరిట వెలసిన వైద్యశాలకు 1941లో కోట్నీస్ అధిపతి అయ్యారు. చైనా భాష నేర్చుకొని, ఆ భాషలోనే విద్యార్థులకు వైద్యం బోధించారు. అదే ఏడు గువో చింగ్లాన్ అనే నర్సును వివాహమాడారు. 1942లో పుట్టిన కుమారునికి యిన్‌హువా అని పేరు పెట్టారు. యిన్ అంటే భారతదేశం, హువా అంటే చైనా.

విశ్రాంతి లేని శ్రమతో ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. మూర్ఛలు రాసాగాయి. అయినా పని మానలేదు. 1942 డిసెంబరు 9న, ముప్ఫయి రెండవ ఏట ఆయన కన్నుమూశారు. అప్పటికి కుమారుడు నెలల పసివాడు.

చైనాలోని షిజియాజువాంగ్ నగరంలో ఆయన సమాధి ఉంది. కోట్నీస్ తన దేశం కాని చోట, తన భాష కాని చోట తనవారిని చూసుకున్నారు. బాధపడేవారికి పరాయివారెవరూ ఉండరని తన జీవితంతో చాటారు.